ఆస్మాన్‌లో కార్ఖానా

నేనుండే కార్ఖానా పేరులో ‘కార్’ అంటే పని, ‘ఖానా’ అంటే ఇల్లు. ఆస్మాన్‌లోనూ కార్ఖానాలున్నాయి: సితారాలు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిందే మన నిజామియా అబ్జర్వేటరీ. అక్కడ లక్షల సితారాల జాగాలు లెక్కగట్టారు.

వాటిలో కార్బన్ ఎలా తయారవుతుంది? మూడు హీలియం కేంద్రకాలు కలవాలి. అందుకు కార్బన్‌లో ఫలానా శక్తిస్థాయి ఉండి తీరాలని 1953లో ఫ్రెడ్ హోయిల్ అన్నాడు. అమెరికాలో వెతికితే దొరికింది! అది కాస్త తేడాగా ఉంటే మన జిస్మ్‌కి సరిపడా కార్బన్ ఉండేది కాదేమో.

ఇత్తెఫాకా, కుద్రతా? నా ఈమాన్ కుద్రత్ అంటుంది. కానీ దీన్ని సుబూత్ అనను. జిందగీ లేని కాయినాత్‌లో ఈ సవాల్ అడిగేవాడే ఉండడు కదా!