మీ పొలంలోంచి హైవే వెళ్తోందా? ఆ 21 రోజులు కీలకం

చిలమత్తూరు మండలం కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎన్‌హెచ్ 44 నుంచి విజయవాడ వైపు కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మొదలవుతుంది. ముప్పవరం వరకు సుమారు 340 కిలోమీటర్లు, ఆరు వరుసలు. ఇలాంటి రోడ్లకు భూమి ఎలా తీసుకుంటారు? రైతు ఏ దశలో ఏం అడగొచ్చు?

మామూలు హైవేకీ దీనికీ తేడా ఏంటి?

నిర్ణయించిన ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కడా ఈ రోడ్డు ఎక్కలేరు, దిగలేరు. ఇటు ఇల్లు, అటు బోరు ఉంటే అండర్‌పాసే దిక్కు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇలాంటి రోడ్లను నగరాల నడిబొడ్డునే వేశారు. పేటలు రెండుగా చీలిపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం ఎదురుతిరగడంతో ఎంబార్కడెరో ఫ్రీవేను మధ్యలోనే ఆపేశారు. కట్టిన భాగాన్ని మాత్రం 1989 భూకంపంలో దెబ్బతిన్నాకే కూల్చారు. రోడ్డు పడ్డాక మార్పించడం అంత కష్టం. అందుకే అడిగేదేదో ముందే అడగాలి.

ఎప్పుడు అడగాలి?

జాతీయ రహదారుల చట్టం–1956 ప్రకారం మొదట గెజిట్‌లో 3ఏ నోటిఫికేషన్ వస్తుంది. రెండు స్థానిక పత్రికల్లోనూ వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక. గెజిట్‌లో వచ్చిన 21 రోజుల్లోపు భూసేకరణ అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మీ వాదన వినాల్సిన బాధ్యత ఆయనదే. అండర్‌పాస్, పొలానికి దారి, వంక నీళ్లు పోయే మార్గం గురించి ఇక్కడే రాయండి.

ఆ తర్వాత 3డీ ప్రకటన వస్తే భూమి కేంద్రానికి చెందుతుంది. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లదు. కోర్టు స్టే ఉన్న కాలాన్ని ఇందులో లెక్కించరు.

పరిహారం సంగతేంటి?

ధర గురించి అడిగే దశ వేరు. దానికి 3జీ కింద విడిగా నోటీసు ఇస్తారు. 2015 జనవరి 1 నుంచి 2013 భూసేకరణ చట్టం లెక్కే ఈ రోడ్లకూ వర్తిస్తోంది. మార్కెట్ విలువకు ఇల్లు, బోరు, చెట్ల విలువ కలిపి, ఆ మొత్తానికి 100 శాతం సొలేషియం చేర్చాలి. సొమ్ము జమ కాకుండా భూమి స్వాధీనం చేసుకోకూడదు. చాలదనుకుంటే ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లొచ్చు. అక్కడ పెరిగిన మొత్తానికి 9 శాతం వడ్డీ ఇప్పించే వీలుంది.

ఏవి సిద్ధంగా ఉంచుకోవాలి?

* పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్
* బోరు కరెంటు బిల్లు, చెట్లు, మల్బరీ తోట ఫొటోలు
* అభ్యంతరం ఇచ్చినట్టు తేదీతో రసీదు

భూమి ఇంకా తాత పేరునే ఉంటే ముందే మార్పించుకోండి. వాటాల తగాదా తేలకపోతే వ్యవహారం సివిల్ కోర్టుకు వెళ్తుంది.