పేరు బయటపెట్టని ఆస్పత్రి

1913 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం సుఖవ్యాధులపై ఒక రాయల్ కమిషన్ వేసింది. అధ్యక్షుడు లార్డ్ సిడెన్‌హామ్. బొంబాయి గవర్నరు పదవి ముగించుకుని ఆ ఏడాదే స్వదేశం చేరినవాడు. సభ్యుల్లో ముగ్గురు స్త్రీలు. వారిలో డాక్టర్ మేరీ షార్లీబ్‌కు మద్రాసుతో గట్టి అనుబంధం ఉంది. 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన తొలి నలుగురు విద్యార్థినుల్లో ఆవిడ ఒకరు. పరదా చాటు ఆడవాళ్లు మగ డాక్టరుకు చూపించుకోలేక పురిటి మంచం మీదే ప్రాణాలు వదలడం చూసి, వైద్యం నేర్చుకోవాలని పట్టుబట్టిన మనిషి. మద్రాసు జనం గోషా ఆస్పత్రి అని పిలుచుకునే ఆస్పత్రి 1885లో మొదలైంది ఆవిడ చేతుల మీదుగానే. సిగ్గు వైద్యానికి ఎంత అడ్డుపడుతుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మందు వచ్చింది, రోగి రాలేదు

నిజానికి అప్పటికి వైద్యశాస్త్రం చేయాల్సింది చాలావరకు చేసేసింది. సవాయి (సిఫిలిస్) రోగాన్ని కలిగించే మెలికల క్రిమిని 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ పట్టుకున్నారు. మరుసటి ఏడాదే వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. 1909లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాల్ ఎర్లిక్ ప్రయోగశాలలో జపాన్ శాస్త్రవేత్త సహచిరో హాటా పాషాణంతో తయారైన 606వ నంబరు మందును కుందేళ్లపై పరీక్షించి, అది పనిచేస్తుందని తేల్చాడు. 1910లో అదే సాల్వర్సాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. అంతకు ముందు దిక్కల్లా పాదరసమే. అది వాడితే నోరు పూసి, చొంగ కారి, పళ్లు కదిలిపోయేవి.

కొత్త మందుతోనూ తిప్పలున్నాయి. ఆ పసుపుపచ్చని పొడి గాలి తగిలితే పాడైపోయేది. జాగ్రత్తగా కరిగించి నరంలోకి ఎక్కించాలి. ఒక్క సూదితో పని అయ్యేది కాదు. పాదరసంతో కలిపి నెలల తరబడి చికిత్స చేయాలి. అంటే రోగి మళ్లీ మళ్లీ ఆస్పత్రి మెట్లు ఎక్కాలి. చాలా ధర్మాసుపత్రులు ఈ రోగులను చేర్చుకునేవి కావు. కార్మికుల సహాయ సంఘాలు సైతం ‘చేజేతులా తెచ్చుకున్న జబ్బు’ అని భత్యం ఎగ్గొట్టేవి. దాంతో జనం చాటుమాటుగా నాటు వైద్యుల గడప తొక్కేవారు.

పోలీసు వైద్యం

బలవంతం చేసి చూడటం అప్పటికే అయిపోయింది. 1864 నాటి అంటురోగాల చట్టం కింద సైనిక పట్టణాల్లో, రేవుల్లో పోలీసులు అనుమానం వచ్చిన స్త్రీని పట్టుకుని పరీక్ష చేయించి, రోగం ఉంటే లాక్ ఆస్పత్రి అనే సుఖవ్యాధుల ఆస్పత్రిలో నిర్బంధించగలిగేవారు. ఆమె దగ్గరికి వెళ్లిన సైనికుడి జోలికి మాత్రం చట్టం పోలేదు. జోసెఫిన్ బట్లర్ నాయకత్వాన స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడితే 1886లో అది రద్దయింది. మన దేశంలో 1868లో ఇలాంటి చట్టమే తెచ్చి, 1888లో రద్దు చేశారు. కంటోన్మెంట్లలో మాత్రం వేరే నిబంధనల చాటున ఆ వ్యవహారం కొంతకాలం నడిచింది. పట్టుకుపోతారన్న భయంతో జనం దాక్కున్నారే తప్ప రోగం పోలేదు.

ఖర్చులో ముప్పావు వంతు సర్కారుది

ఆ అనుభవం కమిషన్‌కు కళ్లముందే ఉంది. పెద్ద నగరాల జనాభాలో కనీసం పదిశాతం మంది పుట్టుకతోనో, తర్వాతో సవాయి బారిన పడి ఉంటారని 1916లో ఇచ్చిన నివేదిక అంచనా వేసింది. సెగరోగులు (గనేరియా ఉన్నవారు) అంతకంటే ఎక్కువే అంది. అయినా రోగుల పేర్లు సర్కారుకు తప్పనిసరిగా తెలపాలన్న నిబంధనకు మాత్రం ఒప్పుకోలేదు. పేరు బయటికొస్తుందంటే రోగి రాడు, వచ్చినవాడూ మధ్యలో మానేస్తాడు.

ఆ ఏడాది జులైలోనే నిబంధనలు వచ్చాయి. స్థానిక కౌన్సిళ్లు క్లినిక్కులు పెట్టాలి. ఖర్చులో 75 శాతం కేంద్ర ఖజానా భరిస్తుంది. చికిత్స ఉచితం, గోప్యం. ఏ ఊరివారైనా ఏ ఊళ్లోనైనా చూపించుకోవచ్చు. పక్కింటివాళ్ల కంట పడకూడదనుకునే మనిషికి ఈ వెసులుబాటు ఎంత విలువైనదో వేరే చెప్పాలా? అర్హులైన డాక్టర్లకు మందు కూడా ఉచితంగా ఇచ్చారు. యుద్ధంతో జర్మనీ సరుకు ఆగిపోవడం వల్ల బరోస్ వెల్కమ్ కంపెనీ అదే మందును ఖార్సివాన్ పేరుతో ఇంగ్లండులోనే తయారుచేసింది.

1917లో మరో చట్టం నాటు వైద్యులపై పడింది. ఉచిత చికిత్స ఏర్పాటైన ప్రాంతాల్లో అర్హత లేనివారు ఈ రోగాలకు వైద్యం చేయడం నేరమైంది. మందుల ప్రకటనలకూ కళ్లెం పడింది. బస్టాండు గోడల మీద ‘గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స’ అన్న రాతలు చూసినవారికి ఆ అవసరం తెలుస్తుంది. మన దగ్గర అలాంటి ప్రకటనలను నిషేధించే చట్టం 1954లో వచ్చింది.

యుద్ధంలో తడబాటు

అయితే సైన్యం దగ్గరికి వచ్చేసరికి ఈ వివేకం నిలబడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో సుఖవ్యాధులతో ఆస్పత్రిలో చేరిన సందర్భాలు 4 లక్షలు దాటాయి. చేరిన సైనికుడికి జీతం కోసేవారు. కోత పడుతుందని తెలిసినవాడు రోగం దాచిపెట్టేవాడు. సైనికులకు ముందుజాగ్రత్త సామగ్రి ఇవ్వాలని ఎట్టీ రౌట్ అనే న్యూజిలాండ్ మహిళ పోరాడింది. 1917 చివర్లో ఆ దేశ సైన్యం ఆ పద్ధతినే పాటించింది కానీ, స్వదేశంలో ప్రభుత్వం పత్రికల్లో ఆవిడ పేరు కనబడకుండా చేసింది.

1918 మార్చిలో బ్రిటన్ మళ్లీ పాత దారి పట్టింది. రోగం ఉన్న స్త్రీ సైనికుడితో కలిస్తే నేరమంటూ 40డి నిబంధన తెచ్చింది. మహిళా సంఘాలు భగ్గుమన్నాయి. యుద్ధం ముగియగానే దాన్ని ఉపసంహరించుకోక తప్పలేదు. ఆ కాలంలోనే అమెరికాలో వేలాది మంది స్త్రీలను రోగం అనుమానంతో నిర్బంధించారు.

క్లినిక్కులు మాత్రం నిలిచాయి. సెయింట్ థామస్ ఆస్పత్రిలో సుఖవ్యాధుల విభాగాన్ని నడిపిన కల్నల్ హారిసన్ ఆరోగ్యశాఖకు సలహాదారుగా చేరి ఆ పద్ధతిని దేశమంతటా పాదుకొల్పాడు. 1920లలో కొత్త సవాయి కేసులు బాగా తగ్గాయి. 1943లో పెన్సిలిన్ ఈ రోగాన్ని నయం చేస్తుందని తేలాక సాల్వర్సాన్ కాలం చెల్లిపోయింది. దానితో పుట్టిన పద్ధతి మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది. మన ప్రభుత్వాస్పత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో ఈ వ్యాధులకు చికిత్స ఉచితం. రోగి అనుమతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం ఇతరులకు చెప్పకూడదని 2017లో చేసిన చట్టం శాసిస్తోంది. ఆస్పత్రి వరండాలో అందరికీ వినబడేలా రోగి జబ్బు పేరు అరిచే ఉద్యోగి ఎక్కడైనా ఉంటే, అతను ఆ రోగి గుట్టు బయటపెట్టడమే కాదు, తర్వాత రావాల్సిన పదిమంది రోగులను గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి పంపుతున్నాడు.