ఇసుక పలక నుండి గాజు పలక వరకు

పాఠశాలల చరిత్రను వ్రాసేవారు సాధారణంగా భవనాలను, దాతలను, ప్రధానోపాధ్యాయులను, పరీక్షా ఫలితాలను పేర్కొంటారు. పిల్లవాని చేతిలో ఉన్న వస్తువును గురించి వ్రాసేవారు తక్కువ. కాని చదువు నడిచిన దారిని తెలుసుకోవాలంటే ఆ వస్తువును గమనించక తప్పదు. ఒకప్పుడు అది ఇసుక. పిమ్మట తాటాకు, పలక, అచ్చుపుస్తకం. నేడు వేలితో తాకితే వెలిగే గాజు పలక. రేపు అది మాట్లాడుతుందని, ప్రశ్నకు బదులిస్తుందని, గురువు స్థానాన్ని కూడా ఆక్రమిస్తుందని పలువురు చెబుతున్నారు. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్న రాయల్పాడు ప్రాంతపు తెలుగు పిల్లలకు ఈ మార్పు ఏమివ్వగలదు? ఏమివ్వలేదు? గడచిన రెండు శతాబ్దాల అనుభవం ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతుంది.

వీధిబడి – ఇసుకరాత

1823లో బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. కాంప్‌బెల్ తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గురించి మదరాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పటి బళ్లారి జిల్లాలో భాగమే. తెలుగు, కన్నడాలు పక్కపక్కనే మెలగిన నేల కనుక, ఆ నివేదికలో కోలారు సీమవాసులకు తమ ముత్తాతల కాలం కనబడుతుంది. ఆ జిల్లాలోని 533 బడులలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. చదువుకొనే పిల్లలు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

ఉదయం ఆరు గంటలకే బడి ఆరంభమయ్యేది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆ పైన వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. అక్షరాభ్యాసం ఇసుకలో వేలితో జరిగేది. చేయి తిరిగిన తరువాత తాటాకు మీద గంటంతోను, కాగితం మీద కలంతోను వ్రాసేవారు. బొగ్గుపూత పూసిన గుడ్డను మడతలు పెట్టి తయారుచేసిన కడితం మీద బలపంతో వ్రాయడం కూడా ఉండేది. తుడిచి మళ్లీ వ్రాయడానికి వీలైన ఆ కడితమే ఆనాటి పలక.

ఈ సాధనాల కంటె ముఖ్యమైనది వాటిని వాడిన పద్ధతి. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. ఎవరికి ఎంత వచ్చిందో అంతవరకు చూచి, అక్కడి నుండి ముందుకు నడిపేవారు. ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకొని, ఇంగ్లండులో దీనిని అనుకరించడం సముచితమేనని వ్రాశాడు. ఆ అనుకరణకు మూలం మదరాసే. 1789 నుండి ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా ఉన్న ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూచి, తన ఆశ్రమంలో ఆ విధానాన్ని ప్రవేశపెట్టాడు. బాలుర చేతనే బాలురకు పాఠం చెప్పించాడు. 1797లో లండనులో ఆయన ప్రకటించిన పుస్తకం ద్వారా ఇది 'మదరాసు పద్ధతి'గా ప్రసిద్ధి పొందింది. ఖర్చులేని ఇసుక, తోటి విద్యార్థి గొంతు – ఈ రెండూ కలిసి సముద్రాలు దాటాయి.

అయితే కాంప్‌బెల్ ఒక లోపాన్ని కూడా ఎత్తిచూపాడు. పిల్లలు వల్లెవేసే పద్యకావ్యాల భాష వారి వాడుక భాషకు దూరమైనది. కంఠస్థమైన దాని అర్థం తెలియదు. కొన్నిచోట్ల చెప్పే గురువుకు సైతం తెలియదు. పేదరికం పెరిగిన కొద్దీ బడులు మూతపడుతున్నాయని, పూర్వం బడి ఉన్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు లేదని కూడా ఆయన వ్రాశాడు. పిల్లవాని స్థాయి నుండి నడిపించడం ఆ బడి బలం. పిల్లవానికి అర్థమయ్యే భాష లేకపోవడం దాని బలహీనత. తరువాత వచ్చిన ప్రతి సాధనాన్నీ ఈ రెండు కొలతలతోనే పరీక్షింపవచ్చు.

అచ్చు వచ్చినా మాట మారలేదు

పందొమ్మిదో శతాబ్దిలో అచ్చుయంత్రం తెలుగు చదువుకు గొప్ప విస్తృతిని తెచ్చింది. 1852లో బ్రౌన్ నిఘంటువు, 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడ్డాయి. ఒకే పాఠం వందలాది బడులకు ఒకే రూపంలో చేరడం అచ్చు వల్లనే సాధ్యమైంది. మార్కాపురం రాతిపలకలు తెలుగునాట ఇంటింటికీ అక్షరాన్ని మోసుకుపోయాయి. తరగతులు, గంటలు, ఒకే పుస్తకం, ఒకే పరీక్ష గల నేటి బడి రూపుదిద్దుకొన్నది. వీధిబడిలోని వ్యక్తిగత బోధన మాత్రం ఈ క్రమంలో వెనుకబడిపోయింది.

భాషాసమస్య కూడా తీరలేదు. కొత్త యంత్రం పాత గ్రాంథికాన్నే అచ్చువేసింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో గిడుగు రామమూర్తి గారు (1863–1940) పాఠ్యపుస్తకాలలో శిష్టవ్యావహారికం ఉండాలని సాగించిన ఉద్యమానికి మూలం ఇదే. ఆయన అంతటితో ఆగలేదు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని తలచి, ఆ భాష నేర్చి, దానిలో వాచకాలు తయారుచేశారు. ఎక్కువమంది మాట్లాడే భాష కోసం పోరాడినవారే, తక్కువమంది మాట్లాడే భాషకూ బడిలో చోటు కల్పించారు. పొరుగు రాష్ట్రంలో తెలుగు నేర్చుకొనే పిల్లల విషయంలో ఈ ఉదాహరణ మరువరానిది.

తీగ దాటిపోయిన ఊళ్లు

యంత్రం ప్రాంతానికి రావడం వేరు, బడికి రావడం వేరు. దీనికి కోలారు జిల్లాయే నిదర్శనం. 1902లో కావేరి మీది శివసముద్రం నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు విద్యుత్తు ప్రవహించింది. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ మార్గాలలో అది ఒకటి. బెంగళూరు నగరానికి విద్యుద్దీపాలు వచ్చింది 1905లో. అంటే గనుల తరువాతనే. తీగ సాగిన దారిలోని పల్లెలలో పిల్లలు ఆ తరువాత దశాబ్దాల పాటు కిరసనాయిలు దీపాల వద్దనే చదువుకొన్నారు.

మరొక ఉదాహరణ కలదు. 1965లో అవే గనులలో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థకు చెందిన భారతీయ శాస్త్రజ్ఞులు జపాను, బ్రిటను శాస్త్రజ్ఞులతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ కనిపెట్టారు. ప్రపంచ విజ్ఞానానికి అదొక మైలురాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇంతటి విజ్ఞానం కాలికింద జరిగినా, పైన ఉన్న గ్రామాల పిల్లల చేతిలో పలక, బలపమే ఉన్నాయి. విజ్ఞానం దానంతట అది బడిగడప ఎక్కదు. దానిని ఎక్కించే ఏర్పాటు మనుషులు చేయాలి.

ఆకాశం నుండి పాఠం

అటువంటి ఏర్పాటుకు మనదేశంలో పెద్ద ప్రయత్నం 1975 ఆగస్టు 1న మొదలైంది. అమెరికా వారి ఏ.టి.ఎస్.–6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఒక సంవత్సరం పాటు దూరదర్శన కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. కోళ్లవల వంటి తీగవలతో చేసిన మూడు మీటర్ల యాంటెన్నా ఆ సంకేతాలను నేరుగా అందుకొనేది. ఉదయం గంటన్నర బడిపిల్లల కోసం కేటాయించి, హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలకు తలా 22½ నిమిషాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు, కర్ణాటకలో కన్నడం. కర్ణాటక వంతుకు బిజాపురం, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు వచ్చాయి, కోలారు రాలేదు.

ఆ ప్రయోగంలో ఎక్కువగా జ్ఞాపకముంచుకోదగినది ఉపాధ్యాయ శిక్షణ. ఉపగ్రహ పాఠాలకు రేడియో, అచ్చుపాఠాలు, చేతితో చేసే ప్రయోగాలు జోడించి, దాదాపు 50 వేలమంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో శిక్షణ ఇచ్చారు. 1976 జూలై 31న ప్రసారాలు ముగిశాయి. ఉపగ్రహం మరలిపోయినా శిక్షణ పొందిన గురువు బడిలోనే ఉన్నాడు.

1984–85లో కంప్యూటరు మొదటిసారిగా పథకం రూపంలో పాఠశాలలకు వచ్చింది. 'క్లాస్' అనే ఆ కేంద్ర పథకం కింద మొదట 250 ఉన్నత పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రాలు ఇచ్చారు. తెలుగు మాధ్యమ విద్యార్థికి ఆ తెర మీద తన అక్షరం కనిపించలేదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎడ్యుశాట్ ఎగిరింది. కేవలం విద్య కోసమే మనదేశం నిర్మించిన తొలి ఉపగ్రహమది. కర్ణాటకలో చామరాజనగరం జిల్లా ప్రాథమిక పాఠశాలలు దాని పాఠాలను అందుకొన్నాయి. 2010లో దాని సేవలు ముగిశాయి.

ఈలోగా మరొక మౌనవిప్లవం జరిగింది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో ప్రపంచ లిపులతో బాటు తెలుగుకూ సంఖ్యాస్థానాలు ఏర్పడ్డాయి. తెలుగుకు 128 స్థానాలు, దానిని ఆనుకొని కన్నడానికి 128 స్థానాలు. కోలారు సీమలో ఇరుగుపొరుగుగా ఉన్న రెండు లిపులు యంత్రంలోనూ ఇరుగుపొరుగే అయ్యాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభం కావడానికి ఈ పునాదే ఆధారం.

మహమ్మారి నేర్పిన పాఠం

2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు సాంకేతికతకు అసలైన పరీక్ష ఎదురైంది. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి వాహిని ద్వారా 'విద్యామృతం' పాఠాలు, కర్ణాటకలో చందన వాహిని ద్వారా 'సంవేద' పాఠాలు ప్రసారమయ్యాయి. రెండూ ప్రశంసింపదగిన ప్రయత్నాలే. కాని కర్ణాటకలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాని స్థితి ఏమిటి? తెలుగులో వచ్చే పాఠం ఆంధ్ర పాఠ్యప్రణాళికది. తన పాఠ్యప్రణాళికకు చెందిన పాఠం కన్నడ వాహినిలోనిది. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం ఏడు భాషలలో పుస్తకాలు ముద్రిస్తున్నది. వాటిలో తెలుగు ఒకటి. పుస్తకానికి ఉన్న తెలుగు తెర మీదికి వచ్చేసరికి అంత సులభంగా దొరకదు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350–ఏ అధికరణం భాషాల్పసంఖ్యాక బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు నిర్దేశించింది. ఆ అధికరణాన్ని వ్రాసిననాడు సౌకర్యమంటే గది, గురువు, పుస్తకం. నేడు తెర కూడా అందులో చేరాలి.

యంత్రం ఎప్పుడు పనిచేస్తుంది?

పరికరం పంచితే చదువు వస్తుందా? దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పల్లెబడుల పిల్లలకు విరివిగా చిన్న కంప్యూటర్లు ఇచ్చింది. 319 బడులలో జరిగిన పరిశోధన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. గణితంలోగాని, భాషలోగాని చెప్పుకోదగిన అభివృద్ధి కనబడలేదు. దీనికి భిన్నమైన ఫలితం ఢిల్లీలో వచ్చింది. అక్కడ 619 మంది విద్యార్థులతో సుమారు నాలుగున్నర నెలలపాటు జరిగిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. బడి వేళల తరువాత శిక్షణ కేంద్రంలో ప్రతి విద్యార్థికీ అతని తరగతితో నిమిత్తం లేకుండా, అతనికి వచ్చినంత నుండి పాఠం చెప్పే కంప్యూటరు కార్యక్రమాన్ని వాడారు. దానికి తోడు చిన్న చిన్న బృందాలకు మనుషులే బోధించారు. గణితంలోను, హిందీలోను ఫలితాలు స్పష్టంగా మెరుగుపడ్డాయి.

ఈ రెండింటికీ గల భేదాన్ని బళ్లారి వీధిబడి గురువు వెంటనే గ్రహించి ఉండేవాడు. పెరూలో పిల్లవానికి పెట్టె దొరికింది. ఢిల్లీలో పిల్లవాని స్థాయి ఎంతో చూచే పద్ధతి, పక్కన ఒక మనిషి, తెలిసిన భాష దొరికాయి. అచ్చు యుగంలో వెనుకబడిపోయిన వ్యక్తిగత బోధనను యంత్రం తిరిగి తేగలదనడానికి ఇది ఆధారం.

సరిహద్దు బడి ముందున్న కర్తవ్యం

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంపిణీ చేసింది. అదే సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల కోసం 'భాషిణి' అనే అనువాద వేదికను ఆరంభించింది. మాటను విని వ్రాసే యంత్రాలు, వ్రాసినదాన్ని చదివే యంత్రాలు, ప్రశ్నకు తెలుగులో సమాధానమిచ్చే కృత్రిమ మేధ నేడు అందుబాటులోనికి వచ్చాయి. కన్నడంలో ఉన్న పాఠాన్ని తెలుగులో వినిపించే శక్తి వీటికి క్రమంగా కలుగుతున్నది. రాయల్పాడు వంటి చోటికి ఇది చిన్న వరం కాదు. పుస్తకాలు తక్కువ అచ్చవుతాయని, ప్రసార సమయం చాలదని తెలుగు మాధ్యమాన్ని పక్కకు నెట్టే కారణాలు కొన్ని దీనితో తొలగిపోగలవు.

అయితే ఈ యంత్రాలు తాము విన్నదానినే నేర్చుకొంటాయి. పత్రికల తెలుగు, దూరదర్శన్ తెలుగు వాటికి విస్తారంగా లభిస్తాయి. కన్నడ పదాలు కలసిన కోలారు తెలుగును అవి విన్నది తక్కువ. పిల్లవాడు తన ఇంటిమాటలో అడిగిన ప్రశ్న యంత్రానికి తప్పుగా తోచినచో, కాంప్‌బెల్ 1823లో చూచిన దూరం కొత్త రూపంలో తిరిగి వచ్చినట్లే. కనుక ఈ ప్రాంతపు పెద్దల మాటలు, కథలు, వ్యవసాయ పదాలు, మామిడితోటల పనిమాటలు విద్యార్థుల చేతనే సేకరింపజేసి భద్రపరచడం తక్షణ కర్తవ్యం. ఇక్కడి ఉపాధ్యాయులు తమ పాఠ్యప్రణాళికకు తగిన తెలుగు పాఠాలను స్వయంగా రికార్డు చేసి ఇరుగుపొరుగు బడులతో పంచుకోవచ్చు. పై తరగతి పిల్లలను కింది తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి, ఒక్క గాజు పలకతో నలుగురికి చదువు చెప్పవచ్చు. మదరాసు పద్ధతికి మూలమైన నేలకు అది కొత్త విద్య కాదు.

యంత్రం చెప్పిన సమాధానం సరియైనదో కాదో పరిశీలించడం నేర్పేవాడు గురువు. బడికి రాని పిల్లవాని ఇంటికి వెళ్లి కారణం అడిగేవాడు గురువు. ఈ పనులకు ప్రత్యామ్నాయం ఇంతవరకు రాలేదు. ప్లాటినం జూబ్లీ జరుపుకొంటున్న తెలుగు బడి రాబోయే పాతికేళ్లలో శతవసంతాలకు చేరుకొంటుంది. ఆనాటికి పిల్లల చేతిలో ఏ పరికరం ఉంటుందో నేడు నిర్ణయించనవసరం లేదు. అందులో తెలుగు ఉండాలని, ఆ తెలుగులో కోలారు పలుకు ఉండాలని, పక్కన ఒక గురువు ఉండాలని ఇప్పుడే పనికి పూనుకోవాలి.