ఇనుప అచ్చు, బేనీషా పండు

కాగిన ఇనుము మీద తీపి పిండి, పక్కన తాజా పండు. వాఫుల్ అంటే ఇంతే. ఈ జోడీ కర్నూలు, కడప సీమకు కొత్తదేమీ కాదు. ఉగాదికి చేసే ఓళిగకు పండు అందదు గానీ, ఎండలు ముదిరి మామిడి దిగాక చేసే ఓళిగను రసంలో అద్దుకొని తినడం ఇక్కడ తరాల అలవాటు.

పెనం మీద పిండి కాల్చడం ఇంకా పాతది. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో దోసె ప్రస్తావన ఉంది. నేటి కర్నూలు ప్రాంతం కొంత ఆ రాజ్యంలోనిదే. ఐరోపా వాళ్లు మాత్రం రెండు ఇనుప పలకల మధ్య పిండిని బిగించి కాల్చారు. 1393 ప్రాంతంలో పారిస్‌లో ఓ ఇల్లాలి కోసం రాసిన పుస్తకంలోనే వాఫుల్ చేసే తీరు కనిపిస్తుంది.

అచ్చుతో చేసేవాటిలో మనకు దగ్గరి చుట్టం గులాబీ పువ్వు. కేరళ అచ్చప్పం, శ్రీలంక కోకిస్, స్కాండినేవియా రోజెట్ అన్నీ ఆ కుటుంబమే. ఐరోపా వాళ్ల రాకతోనే ఇది దక్షిణాదికి వచ్చిందని చాలామంది నమ్మకం. దీని కిటుకంతా అచ్చు వేడిలోనే ఉంది. ముందు అచ్చును నూనెలో బాగా కాగనివ్వాలి. ఆ తర్వాత పిండిలో ముంచాలి, అదీ అంచు దాకానే. పిండి అచ్చు పైకెక్కిందా, పువ్వు ఊడిరాదు. అచ్చు చల్లగా ఉంటే పిండి పట్టదు. ఈ పని చేయి తిరిగినవాళ్లకు వాఫుల్ నేర్పక్కర్లేదు.

1869లో అమెరికాలో కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ పొయ్యి మీద తిప్పే వాఫుల్ పెనానికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత కరెంటుది వచ్చింది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్ట్రాబెర్రీ, క్రీము వేసి అమ్మిన బెల్జియం వాఫుల్ లోకమంతా పాకింది. అప్పటినుంచి వాఫుల్ అనగానే స్ట్రాబెర్రీయే గుర్తుకొస్తోంది. మనకు ఆ అవసరమేముంది? బనగానపల్లె సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయినా, ఆ ఊరి పేరును బేనీషా మామిడి నిలబెట్టింది. 2017లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. రైల్వే కోడూరు బొప్పాయి, పులివెందుల అరటి ఎటూ ఉన్నాయి.

ఇక పిండి సంగతి. ఉత్త మైదా ఎందుకు? కొర్ర మన నేల పంట. సూర్యనంది రకం నంద్యాల పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. సగం కొర్రపిండి, సగం గోధుమపిండి, గుడ్డు, పాలు, కాస్త బెల్లం, చెంచాడు నెయ్యి, చిటికెడు బేకింగ్ పౌడరు కలిపితే చాలు. ఒట్టి కొర్రపిండికి జిగురు ఉండదు, వాఫుల్ విరిగిపోతుంది. కొర్ర కలిస్తే మాత్రం కరకరలాడుతుంది. పెనం సందుల్లోంచి ఆవిరి రావడం ఆగేదాకా మూత తెరవొద్దు. పండుముక్కలు పిండిలో కలపొద్దు, నీరు వదిలి మెత్తబరుస్తాయి. వడ్డించేటప్పుడే పైన వేయండి.

ఈ వేసవిలో బేనీషా దిగగానే ఒకసారి చేసి చూడండి.