బోనాల కూర, మోషే ధర్మశాస్త్రం

ఆషాఢంలో హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు ఆదివారమే వస్తాయి. క్రైస్తవులు చర్చికి వెళ్లేదీ ఆదివారమే. ఆరాధన ముగించుకుని ఇల్లు చేరేసరికి పక్కింటి నుంచి ఓ గిన్నె వస్తుంది. అమ్మవారికి మొక్కి కోసిన యాట కూర. వద్దంటే ఇచ్చినావిడ చిన్నబుచ్చుకుంటుంది. తింటే సంఘంలో పెద్దలు ఊరుకోరు.

ఈ తగువు పాతబస్తీలో పుట్టింది కాదు. యూదులు కాని విశ్వాసులు మోషే ధర్మశాస్త్రం ఎంతవరకు పాటించాలో తేల్చడానికి క్రీ.శ. 49 ప్రాంతంలో అపొస్తలులు యెరూషలేములో కూర్చున్నారు. సున్నతి అక్కర్లేదన్నారు. నాలుగు మాత్రం మానమన్నారు: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, వ్యభిచారం. కొన్నేళ్ల తర్వాత పౌలు కొరింథు వాళ్లకు రాస్తూ పట్టు కాస్త సడలించాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది బలి ఇచ్చిందని చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. బోనాల రోజున ఆ వెసులుబాటు పెద్దగా అక్కరకు రాదు. యాటను ఎవరికి మొక్కి కోశారో గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

రక్తం సంగతి ఇంకో చిత్రం. పాతబస్తీ ముస్లిం కసాయి హలాల్ చేసేటప్పుడు గొంతు కోసి నెత్తురంతా కారనిస్తాడు. అతని దగ్గర మటన్ కొన్న క్రైస్తవుడు తెలియకుండానే యెరూషలేము షరతుల్లో రెండు పాటించినట్టే. చిక్కంతా నల్ల దగ్గర వస్తుంది. గడ్డకట్టిన యాట నెత్తురును ఉడకబెట్టి, ముక్కలు కోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో వేయించే ఆ కూర తెలంగాణ ఇళ్లలో ఎందరికో ప్రాణం. లేవీయకాండం ప్రకారం నెత్తురు తినకూడదు. అపొస్తలులూ వద్దన్నారు. అయినా పంది మాంసం వదలక్కర్లేదని ధైర్యంగా చెప్పే బోధకులు కూడా నల్ల దగ్గరికొచ్చేసరికి తలో మాటా అంటారు.

ఏ ఆజ్ఞ ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్నది గ్రంథం చూసి తేల్చుకున్నామనే అందరూ చెబుతారు. తెలుగునాట చరిత్ర చూస్తే, గ్రంథం కన్నా ఊరు తేల్చిందే ఎక్కువ.

ఒంగోలే అందుకు సాక్ష్యం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ మకాం పెట్టాడు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తోడు రావడంతో తోలుపని చేసే కుటుంబాలు పల్లెలకు పల్లెలే మతంలోకి వచ్చాయి. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వచ్చినవాళ్లకు పెట్టిన నియమాలు మూడేనని క్లౌ ఆత్మకథ చెబుతుంది: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

మూడింటికీ మూలం మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. కానీ పది ఆజ్ఞల్లోంచి, వందల కొద్దీ విధుల్లోంచి ఈ మూడే ఎందుకు? ఊళ్లో మాదిగవాడి బతుకు ముడిపడి ఉన్నది సరిగ్గా ఈ మూడింటితోనే. రైతు పిలిచిన రోజున పనికి పోవాలి. గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లాలి, ఆ తోలుతో చెప్పులు, మోట తిత్తులు కుట్టివ్వాలి, మాంసం తను తీసుకోవాలి. జాతరలో డప్పు కొట్టాలి. ఇవన్నీ చేస్తేనే కళ్లంలో గింజలు. మూడు నియమాలతో ఆ ఒప్పందం మూడు చోట్లా తెగింది. ఊరికి కోపం రావడంలో వింత లేదు. మతం మారినవాళ్లను కొట్టారు, బెదిరించారు, పనులు మానిపించారు.

నిజానికి చచ్చిన గొడ్డు విషయంలో మిషనరీ దొరలు మోషే కన్నా కఠినంగా ఉన్నారు. లేవీయకాండం ప్రకారం చచ్చినదాన్ని తిన్నవాడు బట్టలు ఉతుక్కుని, స్నానం చేసి, సాయంత్రం దాకా మైలలో ఉంటే సరిపోతుంది. ద్వితీయోపదేశకాండం దాన్ని పరదేశికి ఇవ్వొచ్చు, అన్యుడికి అమ్మొచ్చు అంటుంది. ఆ లెక్కన ఒంగోలు మాదిగ తినొచ్చు! కళేబరం ముట్టడమూ మైలే అన్న మాటను మాత్రం ఎవరూ పైకి తీయలేదు. తీస్తే తోలుపనే ఆగిపోతుంది. పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట్లో చాలా రోజులు బస చేశాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. చెప్పులు కుట్టే చేతులకు ఆ ఇల్లు చాలు.

1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఇంకో ఆజ్ఞను పట్టుకున్నాడు, అర్పణ. ఇవ్వడం గురించి పుస్తకమే రాశాడు. పేదవాడు కూడా ఇవ్వాలన్నాడు. ప్రథమ ఫలాల విధి తెలుగు చర్చిలో కోతపండుగ అయింది. గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల బస్తాలు బల్ల ముందు పెట్టి, ఆరాధన అయ్యాక హర్రాజు వేస్తారు. వంటకు ముందు చర్చి కోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం లేవీయకాండంలో ఎక్కడా లేదు. అది పూర్తిగా మన వంటింటి సరుకు.

విశ్రాంతిదినం మాత్రం ఇప్పటికీ తేలలేదు. ధర్మశాస్త్రం చెప్పింది శనివారం. ఒంగోలు పాటించింది ఆదివారం. సెవెంత్ డే అడ్వెంటిస్టులు శనివారమే సరైనదంటారు, పంది మాంసం కూడా మానేస్తారు. అంతకన్నా దూరం వెళ్లింది గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం. అక్కడ బాప్టిస్టులుగా ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు, యాకోబి సోదరుల నాయకత్వంలో, తాము ఎఫ్రాయిము గోత్రం యూదులమని 1980ల నుంచి చెప్పుకుంటున్నాయి. సినగాగు కట్టుకున్నాయి, శనివారం విశ్రాంతి, యూదుల పండుగలు మొదలెట్టాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఆ సమాజం మీద పుస్తకమే తెచ్చారు. ఇలాగే తామూ ఇశ్రాయేలు గోత్రం వాళ్లమని చెప్పుకునే ఈశాన్య రాష్ట్రాల బ్నే మెనాషేలను ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ 2005లో గోత్రవంశీకులుగా గుర్తించాడు. కొత్తరెడ్డిపాలెం వాళ్లకు ఆ గుర్తింపు దక్కలేదు.