ఇటికాలపాడు సురవరం

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్న మిత్రులు, ఇంజనీరును కదా, జూరాల గురించో కల్వకుర్తి ఎత్తిపోతల గురించో రాస్తాననుకున్నారు. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి రాస్తాను. ఆయనను సంపాదకుడంటారు, పరిశోధకుడంటారు. రాజనీతి తత్త్వవేత్త అని ఎవరూ అనరు. నా మట్టుకు నాకు ఆయన అదే. ప్రజలంటే ఎవరు, వాళ్లు ఏ భాషలో మాట్లాడితే రాజ్యం వింటుంది అన్న ప్రశ్నను ఆయన చివరిదాకా వదల్లేదు. జవాబును పండితుల కోసం దాచుకోకుండా, పేపరు కొనుక్కునే మామూలు మనిషికి చెప్పారు.

1896 మే 28న పుట్టారు. స్వగ్రామం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు. బి.ఎ., బి.ఎల్. చదివారు. వకీలుగా స్థిరపడి ఉంటే నాలుగు డబ్బులు వెనకేసుకునేవారు. కాని హైదరాబాదులో రెడ్డి హాస్టల్ బాధ్యత తీసుకున్నారు. ఆ హాస్టల్‌కు అండగా నిలిచిన కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారిదీ మన వనపర్తి ప్రాంతమే.

అప్పటి పరిస్థితి ఈ తరానికి కొంచెం చెప్పాలి. 1921లో హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. బడుల్లో, కచేరీల్లో ఉర్దూ. అలాంటి రాజ్యంలో 1926లో ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టారు, వారానికి రెండుసార్లు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడూ ఆయనే.

తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ప్రతాపరెడ్డి గారు తిట్లకు దిగలేదు. పత్రిక ద్వారా ఊరూరి కవులను పద్యాలు పంపమని అడిగారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. టపా తప్ప వేరే దారి లేని రోజుల్లో అన్ని ఊళ్ల నుంచి అంత సమాచారం రాబట్టడం ఎంత పనో, సైటు నుంచి పది రిపోర్టులు తెప్పించుకోవడానికి నెల పట్టే నాబోటి వాడికి బాగా తెలుసు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు పండితులను పోషించిన నేల ఇది. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. ఆయనకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆయన పుస్తకాల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. పాత చెరువు మరమ్మతుకు వెళ్తే నక్షాలు దొరకవు. తూము రాళ్లు, గట్ల ఆనవాళ్లు, ఊరి ముసలివాళ్ల మాటలు పట్టుకుని ఆయకట్టు లెక్క కడతాం. ఆయన చేసిందీ అదే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, పాల్కురికి సోమనాథుడి రచనలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వంటివి గాలించి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పన్నులు కట్టారు అని వెతికారు. పాత ఆట పేరు కనబడితే నిఘంటువు "క్రీడావిశేషము" అని ఊరుకోవడం ఆయనకు చిరాకు. ఆ ఆట ఎలా ఆడేవారో కావాలి ఆయనకు.

ఇందులో ఒక లోటూ ఉంది. కావ్యాలు రాసినవాళ్లు ఎక్కువగా చదువుకున్న కులాలవాళ్లు. మట్టి మోసినవాడు వాటిలో ఇంకొకడి కంటికి కనిపించిన మేరకే ఉంటాడు. అయినా ఆ మనిషికి చరిత్రలో చోటుండాలని తెలుగులో అంత పెద్ద పుస్తకంతో వాదించినవాళ్లు అంతకుముందు నాకు కనిపించరు.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. సాహిత్య అకాడెమీ 1955లో మొదటిసారి పురస్కారాలు ఇచ్చినప్పుడు తెలుగుకు వచ్చింది ఈ సాంఘిక చరిత్రకే. అందుకోవడానికి ఆయన లేరు.

ఆ పుస్తకం ప్రతులు రెండు మన బడి లైబ్రరీకి పంపుతున్నాను. ఒకటి మాస్టర్లకు. రెండోది తొమ్మిదో తరగతి పిల్లలకు. బీరువాలో పెట్టి తాళం వేయొద్దని మనవి.