సుద్దపొడి, క్వినైను, పరీక్షనాళిక

వైద్యుడు చీటీ వ్రాస్తాడు. మందు కలిపి ఇచ్చేది మరొకరు. ఆ మరొకరికి ఏమి చదువు ఉండవలెనన్న ప్రశ్న మన దేశంలో చాలాకాలం పెద్దల దృష్టికి రాలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు వైద్య కళాశాల వంటి కొద్దిచోట్ల మందుల వర్తకులకు కొంత శిక్షణ ఉండేది. తక్కినచోట్ల కాంపౌండరు పనిని ప్రక్కన నిలిచి, చూచి నేర్చుకొనవలసినదే. రంగును, వాసనను బట్టి మందును పోల్చే నేర్పు వారిలో కొందరికి అపారంగా ఉండేది. ఆ నేర్పును తక్కువ చేయరాదు. కాని సీసాలోని సరుకే కల్తీ అయినప్పుడు అది రోగిని కాపాడలేదు.

చలిజ్వరానికి క్వినైను తప్ప దిక్కులేని రోజులవి. కల్తీ మందులు, సత్తువలేని మందులు అంగళ్ళలో అమ్ముడుపోతున్నవని గగ్గోలు బయలుదేరి, 1927 లో ఢిల్లీ రాజ్యమండలిలో తీర్మానం వచ్చినది. 1930 లో రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడినది. మరుసటి సంవత్సరమే అందిన నివేదిక మందుల నాణ్యతకు శాసనం కావాలన్నది. మందు కలిపే వృత్తికి క్రమమైన విద్య కూడా కావాలన్నది. శాసనాలు నెమ్మదిగా వచ్చినవి. ఔషధాల చట్టం 1940 లోను, ఫార్మసీ చట్టం 1948 లోను వెలువడినవి.

చదువు మాత్రం వాటికోసం ఆగలేదు. 1932 లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఔషధ రసాయనం బి.ఎస్‌సి.లో ఒక పాఠ్యాంశమైనది. అందుకు పూనుకొన్నవారు మహాదేవలాల్ ష్రాఫ్. ఆయన అమెరికాలో చదివి వచ్చినది రసాయనశాస్త్రం. 1937 లో అదే చోట మూడేండ్ల బి.ఫార్మ్. తరగతి ప్రారంభమైనది, దేశంలో అది మొదటిది. అప్పటికి ఆ పట్టం ఉన్నవానికీ లేనివానికీ అంగడి బల్లవెనుక భేదం లేదు. దేశవ్యాప్తంగా వృత్తి నమోదు 1948 చట్టంతోగాని రాలేదు.

ఆ చదువుకు పునాదిగా రసాయనశాస్త్రమే ఎందుకు నిలిచినది? ఒక చిన్న పరీక్ష చెపితే విశదమవుతుంది. రెండు పరీక్షనాళికలలో రెండు తెల్లని పొడులు వేసి, పలుచని గంధకికామ్లం పోయండి. సుద్ద అయితే బుసబుస పొంగుతుంది. క్వినైను అయితే నిశ్శబ్దంగా కరగి, వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు లేత నీలికాంతిని వెదజల్లుతుంది. శాసనసభ చర్చించిన కల్తీని మొదటి సంవత్సరపు విద్యార్థి తన చేతిలో పట్టి చూపగలడు! అయితే నీలికాంతి కనిపించినంత మాత్రాన మందు పూర్తిగా ఉన్నదని కాదు. సగం క్వినైను, సగం సుద్ద కావచ్చు. ఉన్నది ఎంత అని తేల్చడానికి త్రాసు కావాలి. రెండవ పాఠం అక్కడ మొదలవుతుంది.

త్రాసు పాఠం సులభం కాదు. ఇరువది గ్రెయిన్లు ఒక స్క్రూపులు, మూడు స్క్రూపుళ్ళు ఒక డ్రాము, ఎనిమిది డ్రాములు ఒక ఔన్సు. ఇది ఇంగ్లీషు మందులవారి పాత కొలత. తరువాత మెట్రిక్ తూకం వచ్చినది. గ్రెయిను, గ్రాము అన్నవి చెవికి అన్నదమ్ములే. తూకంలో ఒక గ్రాముకు పదిహేను గ్రెయిన్లకు పైగా పడతవి. పొరబడి గ్రెయినుకు బదులు గ్రాము తూచిన చెయ్యి రోగికి ఏమి చేయగలదో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగునాట ఈ విద్యకు 1951 లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం తలుపు తెరచినది. ఇప్పుడు బి.ఫార్మసీ నాలుగేండ్ల చదువు. ఇంటర్మీడియటులో గణితం చదివినవారు, జీవశాస్త్రం చదివినవారు ఒకే తరగతిలో కూర్చుంటారు. కప్ప గుండెను ఎన్నడూ చూడనివాడు ఒకడు, సంవర్గమానం అంటే బెదరేవాడు ఒకడు. అందుచేత మొదటి అర్ధసంవత్సరంలోనే మొదటివానికి జీవశాస్త్రం, రెండవవానికి గణితం ప్రత్యేకంగా బోధిస్తున్నారు. లోటు ఉన్నదని ఒప్పుకొని, దానిని పూరించిన తరువాత ముందుకు నడిపించే ఈ పద్ధతి నాకు నచ్చినది. గ్రెయిన్ల లెక్క కూడా ఆ మొదటి సంవత్సరపు పాఠాలలో నేటికీ ఉన్నది.